రాతి మీదిది, నత్త మీదిది

జూలై 3

కరస్పాండెంట్ చెన్నకేశవరావు గారికి ఈ రోజు నా లింపెట్ మీద ప్రేమ పుట్టింది. పదకొండేళ్ళుగా వేసవి సెలవులన్నీ నిజాంపట్నం బురదలో పోశాను. ఒక్కసారైనా ‘ఏం చేస్తున్నావమ్మా’ అని అడిగిన పాపాన పోలేదు. ల్యాబ్‌కి మంచి మైక్రోస్కోప్ అడిగితే, జువాలజీలో చేరేవాళ్ళేరీ అన్నాడు. అలాంటివాడు ఈ రోజు గదిలోకి పిలిచి, కూర్చోమని, కాఫీ తెప్పించాడు. కాఫీ వచ్చినప్పుడే అనుమానపడాల్సింది.

“కొత్త జీవిని కనిపెట్టావంటగా వందనమ్మా. ఏంది అది, నత్తా?”

“నత్తకు చుట్టం సార్. లింపెట్ అంటారు. నత్తలాగా మెలిక తిరగదు, బోర్లించిన గిన్నెలా ఉంటుంది. గోరంత చిప్ప. పట్టుకున్న చోటు నుంచి ఓ పట్టాన ఊడి రాదు.”

“గోరంతా?” మొహం చిన్నబుచ్చుకున్నాడు. వెంటనే సర్దుకున్నాడు. “సర్లే, చిన్నదైతే ఏంది, పేరు పెద్దది పెడదాం. మా నాన్నగారి పేరు పెట్టు. వెంకట్రామయ్య. వర్ధంతి సెప్టెంబర్లో. ఎమ్మెల్యే గారిని పిలిచి పెద్ద ఫంక్షన్ చేద్దాం. ఇన్‌స్పెక్షన్ కమిటీ వాళ్ళు వచ్చేది కూడా ఆ నెల్లోనేగా.”

ఈ చుట్టుపక్కల వెంకట్రామయ్య పేరు లేనిదేముంది? కాలేజీ గేటు మీద, బస్ షెల్టర్ మీద, మంచినీళ్ళ ట్యాంకు మీద, ఆఖరికి శ్మశానం ప్రహరీ మీద. నేల మీద చోటు చాలక ఇప్పుడు సముద్రంలోకి దిగాడు మహానుభావుడు.

“ఆ నిజాంపట్నం హార్బర్‌లో పోసిన రాళ్ళు మన పల్నాడు క్వారీలవేనంటగా. మన రాయి మీద పుట్టింది మనదే అయిద్ది” అన్నాడు. ఎవరు చెప్పారో ఈయనకి! నాది రాతి మీదిది కాదు సార్, నత్త మీదిది అనబోయి మానేశాను.

పేరు ఎప్పుడో అనుకున్నానని చెప్పాను. ఎవరిదన్నాడు. మా అమ్మదన్నాను.

“ఆడోళ్ళ పేర్లు కూడా పెడతారా?” అన్నాడు. నిజంగానే, ఎంతో ఆశ్చర్యంగా.

ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టినా కోపం దిగలేదు.

జూలై 5

ఎల్లుండి ఆయన ముందు చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను. రాసుకోకపోతే అక్కడ అరిచేస్తాను.

సార్, పటెల్లాయిడా అని ఒక ప్రజాతి. ఇంటిపేరు లాంటిదనుకోండి. ఆ ఇంట్లో ఎవరుండాలి, ఎవరిని పక్కింటికి పంపాలి అని నూరేళ్ళకు పైగా కొట్టుకుంటున్నారు. మొదట చిప్ప ఆకారం చూసి పంచారు. తర్వాత నాలుక మీది పళ్ళు చూసి మళ్ళీ పంచారు. ఇప్పుడు జీన్లు చూసి మళ్ళీ పంచుతున్నారు. మన తీరంలో రాళ్ళ మీద బతికేదానికి ఎప్పుడో పేరు పెట్టేశారు. అది గుండ్రంగా, పల్లంగా ఉంటుంది. నాది మడ అడవి కాలవల్లో పొడుగు నత్తల వీపు మీద బతికేది. సన్నం. ఎత్తు. పక్కల నొక్కేసినట్టు ఉంటుంది. మొనకూ అంచుకూ నడుమ భుజంలా ఒక వంపు ఉంటుంది. రాతి మీదిదానికి ఆ భుజం లేదు. దాన్ని మొదట చూసింది నేను. మీ నాన్నగారు కాదు.

చివరి వాక్యం అనకూడదు. అనకుండా ఉండగలనో లేదో.

ఎండలో గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, నేను బురదలోంచి తెచ్చిన నత్తల్ని కడిగి ఇచ్చింది అమ్మ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. “చదువుకున్నదానివి, ఈ బురదేందే నీకు” అని ప్రతి ఏడూ తిట్టింది, ప్రతి ఏడూ వచ్చింది. తమ్ముడు నవీన్ కూతురికి సింధు అని పెట్టిన రోజు ఒక్క మాటన్నది, “నా పేరు ఈ వంశంలో ఎవరికీ ఎక్కదులే” అని. పుస్తకాల్లోకి ఎక్కిస్తానని ఆ రోజే మాటిచ్చాను. పటెల్లాయిడా యశోదే, లాటిన్‌లో యశోదది అని. ఆ మాట ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో నాకే తెలియదు.

జూలై 7

అరిచాను.

మొండికేస్తే హాస్టల్ వార్డెన్ పని నీకే అప్పజెబుతానని బెదిరించాడు. అయితే పేపర్ మీద కాలేజీ పేరు తీసేస్తాను, ఇంటి అడ్రసు రాసుకుంటానన్నాను. అప్పుడు దిగొచ్చాడు. కాసేపు పేపర్ వెయిట్ తిప్పుతూ కూర్చుని, “సరే తల్లీ, మీ అమ్మ పేరే పెట్టుకో. మన కాలేజీ పేరు పడితే చాలు. ఫంక్షన్‌కి మాత్రం మా నాన్నగారి ఫోటో పైన ఉండాలి” అన్నాడు.

గెలిచాను. బయటికొచ్చి స్టాఫ్ రూమ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూలై 8

అమ్మకు చెప్పాను. గ్యాస్ మీద పాలు పొంగిపోతున్నా చూడలేదు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. కింది వాటాలో ఉండే ఫరా సేమ్యా పాయసం తెచ్చి, “యశోదత్తా, సముద్రంలో కూడా నువ్వే ఉన్నావంటగా” అంటే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. అమ్మ సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు.

జూలై 14

షెర్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు, క్లాసులో ఉన్నాను.

రాతి మీదివీ నత్త మీదివీ రెండు రకాలూ స్పిరిట్‌లో పెట్టి తనకే పంపాను. పీహెచ్‌డీ రోజుల్లో హాస్టల్‌లో ఒకే గది మాది. ఇప్పుడు కొచ్చిలో జీన్లు చదివే ల్యాబ్‌లో ఉంది. తన రిజల్ట్ ఒక్కటి వస్తే పేపర్ పంపేయడమే.

జూలై 15

షెర్లీ ఫోన్. ఇన్విజిలేషన్‌లో ఉన్నాను.

జూలై 16

షెర్లీ ఫోన్. తలనొప్పిగా ఉండి ఎత్తలేదు. రిజల్ట్ మెయిల్ చేస్తే సరిపోతుంది కదా, దానికి ఫోనెందుకు? అప్పట్లోనూ ఇంతే, రెండు ముక్కల విషయానికి అరగంట సోది.

జూలై 19

అమ్మ ఫంక్షన్‌కి చీర తీసుకుంది. ముదురాకుపచ్చ, సన్న జరీ. సముద్రం రంగంట. వాళ్ళ చెల్లెలు పెదకూరపాడు నుంచి వస్తుందట, ఇంకెవరో వెల్దుర్తి నుంచి వస్తారట.

షెర్లీ “ఒకసారి మాట్లాడాలి” అని మెసేజ్ పెట్టింది. ఆ “ఒకసారి” చూస్తేనే ఒళ్ళు మండింది.

జూలై 22

బిజీ.

జూలై 26

బాపట్లలో వాళ్ళమ్మను చూడటానికి సెలవు మీద వచ్చిందట షెర్లీ. అట్నుంచి అటే బస్సెక్కి నేరుగా మా ల్యాబ్‌లోకి వచ్చేసింది. మనిషి అలాగే ఉంది. చెమట తుడుచుకుంటూ స్టూల్ మీద కూర్చుని, మంచినీళ్ళైనా అడగకుండా మొదలెట్టింది.

“ఫోనెత్తవేందే? నాకేమన్నా బాకీ పడ్డావా?”

“పని.”

“అబద్ధాలు నాకు చెప్పమాక. విను. రెండూ ఒకటే వందనా. రాతి మీదిదీ నత్త మీదిదీ. రెండుసార్లు చేశా. మూడోసారి నీకోసం చేశా. తేడా లేదు.”

శాంపిల్స్ కలిసిపోయాయేమో అన్నాను. కలవలేదంది. మీ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసన్నాను. నువ్వు పదేళ్ళుగా వేరేవాళ్ళ పేపర్లకు జీన్లు చదివిపెడుతున్నావు, నీ పేరున ఒక్క జాతీ లేదు, అందుకే ఓర్వలేకపోతున్నావన్నాను. అది నిజంగానే అన్నాను. ఇక్కడ రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, కానీ అన్నాను.

షెర్లీ లేచి, సంచీ భుజాన వేసుకుని, తలుపు దగ్గర ఆగింది. “నా మాట నమ్మొద్దులే. జీన్లూ నమ్మొద్దు. నువ్వు పేరు పెట్టడానికి ఎంచుకున్నావే, ఆ చిప్ప, దాన్నే చూడు. పై నించి కిందికి కాదు. ముందు పుట్టిన మొన నించి అంచుదాకా, అది పెరిగిన వరసలో చూడు.”

వెళ్ళిపోయింది. టీ కూడా ఇవ్వలేదు నేను.

జూలై 27

ఎందుకు చూడాలి? ఆ చిప్పను నేను వందసార్లు చూశాను.

జూలై 28

చూడలేదు. కోటప్పకొండ వెళ్దామంటే అమ్మను తీసుకెళ్ళాను. కొండమీద గాలి బాగుంది.

జూలై 30

చూశాను.

జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక చిప్పను ఎంచి, ఆ పేరు దానికి కట్టి, మ్యూజియంలో దాచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు. ఉన్నవాటిలోకెల్లా భుజం బాగా తేలింది నేనే ఎంచాను. ఎంత మురిసిపోయానో దాన్ని చూసి!

లింపెట్ చిప్ప మొన దగ్గర మొదలై అంచుకు అంచు కలుపుకుంటూ పెరుగుతుంది. గీత తర్వాత గీత. నా చిప్పలో మొదటి గీతలన్నీ గుండ్రంగా ఉన్నాయి. సగం వరకూ గుండ్రమే, పల్లమే, రాతి మీదిదాని లాగే. ఆ తర్వాత ఉన్నట్టుండి లోపలికి నొక్కుకుని సన్నబడ్డాయి. చిన్నప్పుడు ఏ రాతి మీదో ఉంది. తర్వాత నత్త ఎక్కింది. నత్త వీపు ఇరుకు. ఆ ఇరుకులో అంచు ఆనాలి కాబట్టి అలా పెరిగింది. రాతి బతుకు ఆగి నత్త బతుకు మొదలైన చోటే ఆ భుజం.

ఆ భుజం మీద ఆరు పేజీలు రాశాను నేను.

కొత్త జాతి కాదు అది. ఇల్లు మారిన పాత జాతి. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం ఇది, లింపెట్ దేని మీద పెరిగితే ఆ ఆకారం తెచ్చుకుంటుందని. నేనే చెబుతాను ప్రతి ఏడూ. నా చెంపలు వాయించేవాళ్ళు లేక ఇన్నాళ్ళూ ఇలా ఏడ్చాను. నా మీద నాకు ఎంత కోపంగా ఉందంటే, ఈ పేజీ చింపేయాలనిపిస్తోంది.

షెర్లీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోవడమే న్యాయం.

ఆగస్టు 1

కరస్పాండెంట్‌కు చెప్పాను. ఆయన విన్నాడు, బిస్కెట్ కాఫీలో ముంచుకుని తిన్నాడు.

“అయితే ఏందమ్మా ఇప్పుడు?”

“కొత్త జాతి లేదు సార్. పేరు పెట్టడానికి ఏమీ లేదు.”

“లేకపోతే పెట్టకూడదా? ఎవరు చూడొచ్చారు గోరంతదాన్ని! పెట్టేయ్. పేపర్లో వచ్చిద్ది, ఫంక్షన్ అయిద్ది, కమిటీ వచ్చి పోయిద్ది. తర్వాత ఎవడో కాదంటే అప్పుడు చూసుకుందాం.”

“నేనే కాదంటున్నాను సార్.”

“నీకేమన్నా పిచ్చా తల్లీ? నీది నువ్వే కాదనుకుంటావా? పదకొండేళ్ళు ఏం కనిపెట్టినట్టు మరి?”

“లేదని కనిపెట్టాను సార్.”

అక్కడ ఎంతో గట్టిగా అన్నాను. మెట్లు దిగి నేరుగా ల్యాబ్‌కి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆగస్టు 2

ఆయన్ని ఎదిరించడం ఒక లెక్కా! అమ్మకు చెప్పడం ఉంది.

చీరకు ఫాల్ కుట్టుకుంటోంది. పక్కన కూర్చుని చెప్పాను, నత్త, రాయి, ఇరుకు, అన్నీ. సూది ఆపి విన్నది. మొత్తం అర్థమైంది. అమ్మకు అర్థం కాకపోతే బాగుండేది.

“మీ సారు పెట్టమంటున్నాడుగా.”

“ఆయనకేం తెలుసమ్మా.”

“పెట్టేయరాదే? ఎవరికి తెలిసిద్ది? నువ్వూ ఆ షెర్లీ తప్ప.”

“అమ్మా!”

“ఏందే అమ్మా అమ్మా! ఆ బురదలో నత్తలు కడిగి కడిగి వేళ్ళు ఒరిసిపోయినయ్ నాకు. ఒక్క పేరు. మేడలడిగానా నిన్ను? ఊరందరికీ చెప్పుకున్నా. ఇప్పుడు ఫరాకి ఏం చెప్పమంటావ్? సముద్రంలో లేనని చెప్పనా?”

నాకూ ఒళ్ళు తెలియలేదు. గట్టిగా అరిచాను. పెట్టినా ఉండదమ్మా, ఒక జీవికి రెండు పేర్లు పడితే మొదట పెట్టిందే నిలుస్తుంది, రెండోది కొట్టేస్తారు, కొట్టేసిన పేర్ల వరసలో నీ పేరుంటే నీకేం గొప్ప అన్నాను.

అమ్మ నా వైపు అదోలా చూసింది. చీర మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. ఫాల్ సగమే కుట్టింది.

ఆగస్టు 6

అమ్మ మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది. కూర బాగుందన్నా పలకదు.

షెర్లీ ఫోనెత్తింది. నేను ఏడ్చాను. “ఏడుపెందుకే, పేపర్ రాద్దాం పట్టు” అంది. రెండు ఆకారాలూ ఒకే జాతివని, ఆ ఒక్క చిప్పలోనే రెండూ ఉన్నాయని రాస్తాం. కొత్త జాతి పేపర్ అయితే అందరూ చూస్తారు. ఉన్నదనుకున్నది లేదని చెప్పే పేపర్ ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. అయినా రాస్తాం.

ఆగస్టు 9

ఫంక్షన్ ఆగలేదు. బోటనీ కార్తీక్‌కి నాగార్జునకొండ దారిలో ఏదో కొత్త గడ్డి దొరికిందట. దానికి వెంకట్రామయ్య గారి పేరు పెడతాడట. స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచాడు. తెలిసిన జాతులతో పోల్చి చూశావా అంటే “తర్వాత చూస్తా మేడమ్” అన్నాడు. ఆ స్వీటు పళ్ళెం వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. తిన్నాను. పూతరేకు, బాగానే ఉంది.

నాకు హాస్టల్ వార్డెన్ ఆర్డర్ ఇచ్చారు.

ఆగస్టు 12

అమ్మ ఈ రోజు కూడా పలకలేదు.

ఆగస్టు 17

ఆదివారం. పేపర్ దిద్దుతూ కూర్చున్నాను. అమ్మ వంకాయలు కోస్తూ, నా వైపు చూడకుండా, “మొదట పెట్టిన పేరే నిలుస్తదన్నావే” అంది. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట.

“అవును.”

“తర్వాత ఎవరు ఎంత పెద్దోళ్ళు పెట్టినా?”

“ఎవరు పెట్టినా.”

“అది ఇల్లు మారి, ఆకారం మారినా కూడానా?”

“మారినా సరే. పుట్టింది ఒకటేగా.”

కత్తిపీట పక్కకు జరిపింది. “అయితే నాది యశోద కాదే” అంది.

నేను కలం కింద పెట్టాను.

“నా పేరు హనుమాయమ్మ. మా అమ్మానాన్నలు పెట్టింది. కాపురానికొచ్చిన రోజు మీ నానమ్మ గడపలోనే ఆపింది. ఆమెదీ అదే పేరాయె. ‘అత్తాకోడళ్ళిద్దరికీ ఒకటే పేరైతే ఎట్టా, మా ఆయన నన్ను పిలిస్తే నువ్వు పలుకుతావా? ఇయ్యాల్టి నించి నువ్వు యశోదవి’ అంది. అంతే. కుడికాలు పెట్టి యశోదగా లోపలికొచ్చా. మీ నాన్న ఒక్కనాడు అడగలా, నీ పేరేందని.”

“పుట్టింట్లోవాళ్ళు?”

“వాళ్ళు ఎప్పుడూ చిట్టి అనేవాళ్ళు. రేషన్ కార్డులో యశోదే, ఓటులో యశోదే. ఆ హనుమాయమ్మ ఏమైందో ఎవరూ అడగలా.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? అన్నేళ్ళు ఆ పేరే పెడతానంటూ తిరిగితే...”

“పెడతానంటే సంబరపడ్డా. అదీ నాదేగా, ఇన్నేళ్ళు పలికినదాన్ని. కానీ ఆరోజు నువ్వు మొదటిదే నిలుస్తదని అరిస్తివే, అప్పుడు కడుపు మండింది. గోరంత పురుక్కి ఉన్న న్యాయం నాకు లేకపోయిందేందే?”

అమ్మ గొంతు ఎప్పుడూ అంతగా లేవలేదు. కింద ఫరా వాళ్ళింట్లో టీవీ ఆపేశారు.

నానమ్మ మీద కోపం. నాన్న మీద కోపం. ఇద్దరూ పోయారు, ఎవరితో పోట్లాడను? పదకొండేళ్ళు ఒకే చిప్పను చూసి రెండనుకున్నాను. పుట్టినప్పటి నుంచి అమ్మను చూస్తూ, ఆమె పేరు ఏమిటో కనుక్కోలేదు. దేనికి కోపం తెచ్చుకోవాలో తెలియక లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను.

అమ్మ వంకాయలు నీళ్ళలో వేసి, కాస్త మెత్తబడి, “నీకు బారసాలప్పుడు పేరేం పెట్టారు?” అంది.

హనుమ వందన. బళ్ళో అందరూ ఎగతాళి చేస్తుంటే ఆ హనుమ పీకేసుకున్నాను. సర్టిఫికెట్లలో తప్ప ఎక్కడా లేదు. పేపర్ల మీద ఎప్పుడూ ఉత్త వందననే.

“మీ నానమ్మ పేరు పెట్టారనుకున్నారందరూ. ఆమె ఉబ్బిపోయి నాకు గాజులు కూడా చేయించింది” అంది అమ్మ. “నేను పెట్టుకున్నది నా పేరే.”

ఆగస్టు 24

పేపర్ పంపేశాం. పటెల్లాయిడాలో కొత్త జాతి చేరలేదు. ఉన్న జాతే రెండు చోట్ల రెండు రకాలుగా పెరుగుతుందని రాశాం. కరస్పాండెంట్ చదవడు. ఎవరూ స్వీట్లు పంచరు. నా కోపం పోలేదు, పోతుందన్న ఆశా లేదు.

పంపేముందు ఫోన్‌లో మొదటి పేజీ తెరిచి అమ్మకు చూపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. రాసినవాళ్ళ పేర్లలో మొదటి పేరు కింద వేలు పెట్టి, “ఇదిగో, హనుమ. ఇది నువ్వు” అన్నాను.

కళ్ళజోడు తెచ్చుకుని చానాసేపు చూసింది.

“పురుగు పేరు పక్కన కాదుగా?”

“కాదమ్మా. దానికి పైన.”